ముప్పైరెండు ఆత్మల రద్దు

"ఈ ఉదయం నుండి థాపోంగ్ జిల్లాలో ఏ పౌరునికీ ఆత్మలు లేవు!"

రేవు దగ్గర టేకు స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు ఈ మహావాక్యాన్ని ఉచ్చరించి, గొంతు సవరించుకొని, మళ్లీ ఉచ్చరించింది. ఇంతకు పూర్వం ఉన్నట్లు భావింపబడిన ఆత్మలన్నీ పదవీచ్యుతుడైన రాజుగారి కాలపు అవశేషాలనీ, వాటిని పిలవడం, బుజ్జగించడం, వాటి కొరకు గుడ్లు ఉడకబెట్టడం, ముంజేతికి దారాలు కట్టుకోవడం ప్రజాద్రోహమనీ విశదీకరించింది. ఆ పిమ్మట నాట్ల పాట ఒకటి సగం వరకు వినిపించి, కరెంటు పోయింది.

ఇంతటి శాసనం వెలువడినా భూమి కంపించలేదు. మేకాంగ్ నది ఎప్పటివలెనే దక్షిణానికి ప్రవహించింది. కోళ్లు మేత మానలేదు. రేవులో చేపలు తోముతున్న స్త్రీలు మాత్రం చేతులాపారు.

"ఏమిటే, ఏం లేవంట?" అంది ఒకామె.

"ఆత్మలంట."

"హమ్మయ్య! ఉప్పనుకుని గుండె ఆగింది. మొన్న కోఆపరేటివ్ కొట్లో ఉప్పు లేదన్నది ఇదే గొంతు."

లావోస్ దేశంలో పుట్టిన ప్రతి మనిషికీ ఆత్మలు ముప్పైరెండు. కంటిలో ఒకటి, మోచేతిలో ఒకటి, మోకాలిలో ఒకటి, ఈ విధంగా దేహమంతటా కాపురముంటాయి. అదేమంత నమ్మకమైన కాపురం కాదు. కుక్క మొరిగినా, జ్వరం తగిలినా, మనిషి దూరప్రయాణం చేసినా, చెప్పకుండా లేచి అడవిలోకి పోతాయి. అప్పుడు అరిటాకులతో పూలగోపురం కట్టి, ఉడికిన గుడ్లూ జిగటన్నమూ పెట్టి, చదువుకున్న పెద్దమనిషి ఒకరు పద్యాలు పాడి వాటిని ఇంటికి పిలవాలి. వచ్చినవి మళ్లీ జారిపోకుండా ముంజేతికి తెల్లని నూలుదారం కట్టాలి. ఆ దారాన్ని మూడు రోజులైనా ఉంచుకోవాలి. తీయవలసివస్తే వేళ్లతో ముడి విప్పుకోవాలి గాని, ఇనుము తగలరాదు. ఇనుము తగిలితే వచ్చిన ఆత్మ తిరిగిచూడకుండా పోతుంది.

థాపోంగ్‌లో ఆ పద్యాలు తెలిసిన పెద్దమనిషి చాన్ ఇన్‌పెంగ్. కాషాయం కట్టి, శాస్త్రం చదివి, మళ్లీ గృహస్థుడైనవారిని అక్కడ చాన్ అంటారు. ఇన్‌పెంగ్ యౌవనమంతా మఠంలో తాటాకుల మీది పాళీ గ్రంథాలను కంఠస్థం చేశాడు. పుట్టుక దుఃఖమనీ, తృష్ణ దుఃఖహేతువనీ నిద్రలో లేపినా చెప్పగలిగే స్థితికి వచ్చాడు. సరిగ్గా ఆ స్థితిలో, ఒక ఉదయం భిక్షాపాత్రలో అన్నం పెట్టడానికి దువాంగ్తా అనే నేతపిల్ల వచ్చింది. తృష్ణ సంగతి గ్రంథంలో ఉన్నది ఉన్నట్టుగానే జరిగింది. ఇన్‌పెంగ్ కాషాయం మడిచి గురువుగారికి అప్పగించాడు.

ఆనాటి నుండి పెళ్లికీ, పురుడుకూ, ప్రయాణానికీ ఆత్మలను పిలిచే పని ఆయనదే. ఆయన గొంతెత్తితే ఆత్మలు పరుగున వచ్చేవని జనం అనేవారు. అది భక్తి వల్లనా, గుడ్ల వల్లనా అని ఆయన అప్పుడప్పుడు తనలో తాను నవ్వుకునేవాడు. ఇప్పుడు, లౌడ్‌స్పీకరు మాట విన్న తరువాత, నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. నది ఎండిన ఊళ్లో పడవవాడికీ తనకూ తేడా ఏమిటా అని ఆలోచించాడు. పడవవాడికి కనీసం కట్టెలైనా మిగులుతాయి!

ఆ మధ్యాహ్నమే జిల్లా అధ్యక్షుడు కామ్రేడ్ ఖాంసింగ్ కబురంపాడు. ఈ ఖాంసింగ్ ఒకప్పుడు మఠంలో చిన్న శిష్యుడు. దీర్ఘాలన్నీ హ్రస్వాలుగా పలికి ఇన్‌పెంగ్ చేత వెదురుబెత్తంతో దెబ్బలు తిన్నవాడు.

"కూర్చోండి చాన్... కామ్రేడ్ ఇన్‌పెంగ్."

"నిలబడతాను నాయనా... కామ్రేడ్."

"మూఢనమ్మకాల నిర్మూలన సంఘం ఒకటి పెడుతున్నాం. అధ్యక్షుడు మీరే."

"నేనా?"

"మరి జిల్లాలో మూఢనమ్మకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీకు తెలిసినంత ఎవరికి తెలుసండీ? సగం మీరు పెట్టినవే కదా!"

"నేను పెట్టలేదు బాబూ. పెద్దలు పెట్టారు. నేను రాగం పెట్టాను, అంతే."

"ఆ రాగమే కావాలి. ఇంకో చిన్న పని. సోదర దేశాల అతిథులు వస్తే వాళ్లకి ఆ పూలగోపురం, దారాలు భలే ఇష్టం. ఫొటోలు తీసుకుంటారు. అందుకని అతిథుల వరకు పూజ ఉండాలి, ఆత్మలు మాత్రం ఉండకూడదు. శాస్త్రీయంగా ఒకటి రాసిపెట్టండి."

"ఆత్మలు లేకుండా ఎవరిని పిలవను?"

"పిలవదగ్గవాళ్లు విప్లవంలో చాలామంది ఉన్నారు. చూసుకోండి."

పూర్వం వేరే కాలంలో అయితే, ధర్మం తెలిసిన పండితుడు ఇక్కడ పళ్లు బిగించి 'రాయను' అని ఉండేవాడు. ఇన్‌పెంగ్ కూడా ధర్మం తెలిసినవాడే. అందుచేత తాను చేస్తున్నది ఎంత తప్పో క్షుణ్ణంగా తెలుసుకొంటూ ఇంటికి వెళ్లి, తాంబూలం నమిలి, రాశాడు.

"రావమ్మ ఉత్పత్తి ఉత్సాహమా, రావమ్మ!
జింకలతో అడవిలో ఆడింది చాలు, చాలమ్మ!
రావయ్య అప్రమత్తతా, రావయ్య!
వాకిట కుక్క నిదురబోయెను, నీవైన మేలుకోవయ్య!"

పైగా ప్రాస కుదిరినందుకు సంతోషించాడు. సిగ్గుపడవలసిన చోట కూడా ప్రాస వెతుక్కునే జాతి ఒకటి లోకంలో ఉన్నది. తాను ఆ జాతివాడినని ఇన్‌పెంగ్‌కు తెలిసి చాలా కాలమయింది.

*

ఇంట్లో కూతురు మణీవన్ పురిటికి వచ్చి ఉంది. అల్లుడు ఉత్తరాన సైన్యంతో రోడ్డు వేస్తున్నాడు. పుట్టిన ఆడపిల్లకు ఇంకా నెల నిండలేదు. పాలు తాగదు. రెప్ప వేస్తే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే ఏడుస్తుంది. ఇల్లంతా ఆ ఏడుపుతో ఊగుతూ ఉంది.

"నాన్నా, దీని ఆత్మలు ఇంకా ఇంటికి రాలేదు. నువ్వొక్కసారి పిలువు," అంది మణీవన్.

"ఆత్మలు రద్దయ్యాయమ్మా."

"ఎవరికి చెప్పి రద్దు చేశారు? దీనికి లౌడ్‌స్పీకరు వినపడే వయసు కూడా రాలేదు."

"మీ నాన్న ఇప్పుడు నిర్మూలన సంఘం అధ్యక్షుడు. ఊళ్లో ఎవరి ఇంట్లో పిలిచినా పట్టుకోవలసినవాణ్ణి నేను. నేనే పిలిస్తే నన్నెవరు పట్టుకుంటారు?"

"అదేగా మంచిది!" అంది దువాంగ్తా మగ్గం మీద నుంచే. "పట్టుకునేవాడు ఇంట్లోనే ఉంటే ఇంక భయమేంటయ్యా?"

"నీకు రాజకీయం తెలియదు."

"నెల పిల్లకీ తెలియదు. అది ఏడుస్తోంది, అంతవరకే నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా గోడ అవతల కూర్చుని నీ పూజలకి గుడ్లు ఉడకబెట్టాను. నాకూ చెవులున్నాయి. నువ్వు పిలవకపోతే నేను పిలుస్తా."

"నీకు పాళీ రాదు!"

"ఆత్మలకి మాత్రం వచ్చా?"

ఇన్‌పెంగ్ గొడుగు తీసుకొని సంఘం పని మీద బయటికి పోయాడు. తిరిగివచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పాప పాలు తాగి, నోరు తెరుచుకొని నిద్రపోతోంది. దాని ముంజేతికి తెల్లదారం. నేతపనివారు తెగిన పోగును అతికే చదునైన ముడి, రెండు కొసలూ ఎలుక చెవుల్లా పైకి లేచి ఉన్నాయి. ఇన్‌పెంగ్ దానిని చూడలేదు. చూడకపోవడం కొరకు ఆయన దగ్గరగా వంగి, చాలాసేపు శ్రద్ధగా నిలబడ్డాడు.

ఆ తరువాత దువాంగ్తాకు ఊళ్లో గిరాకీ పెరిగింది. నేత నేర్పమని జిల్లా అధ్యక్షుడి భార్య పిలిచేది, కాపలాదళం నాయకుడు బున్‌ఖోంగ్ తల్లి పిలిచేది, కోఆపరేటివ్ కొట్టు మేనేజరు ఇంటివారు పిలిచేవారు. కొత్త సమాజంలో స్త్రీలు వృత్తివిద్య పట్ల ఇంతటి ఆసక్తి చూపడం ఇన్‌పెంగ్‌ను కదిలించింది. నేత నేర్పి వచ్చినప్పుడల్లా ఆమె కొంగులో ఉడికిన గుడ్లు ఉండేవి. నేత నేర్చుకునే ఇళ్లలో గుడ్లు ఎందుకు ఉడుకుతాయి అనే ప్రశ్న, ముప్పై ఏళ్లు ఆ గుడ్లే తిని బతికిన పండితుడికి కలుగలేదు. ఒలుచుకొని తిన్నాడు. ఉప్పు లేదని నొచ్చుకున్నాడు.

ఇంకొకటి కూడా ఆయనను ముగ్ధుణ్ణి చేసింది. అది ఏప్రిల్, కొత్త సంవత్సరం పండుగ నెల. ఎండకు నదిలో ఇసుక దిబ్బలు తేలి, కుక్కలు నీడల వెంట ఒళ్లు ఈడ్చుకుపోతున్నాయి. అటువంటి ఎండలోనూ జిల్లా కామ్రేడ్లందరూ పొడుగుచేతుల చొక్కాలు మణికట్టు దాకా దించుకొని తిరిగేవారు. 'క్రమశిక్షణ అంటే ఇదీ!' అనుకున్నాడు ఇన్‌పెంగ్. చెమటలో నానిపోతున్న ఖాంసింగ్‌ను చూసి, ఈ పిల్లవాణ్ణి నేను హ్రస్వదీర్ఘాల కోసం కొట్టానే అని పశ్చాత్తాపపడ్డాడు.

పండుగనాడు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి ఆయన కుడి ముంజేతికి కూడా దారం ఉంది. ఎలుక చెవుల ముడి.

"ఇదేమిటే?"

"దోమ కుట్టిందేమో," అంది దువాంగ్తా తల తిప్పకుండా.

విప్పుదామనుకున్నాడు. విప్పలేదు. చాలాకాలంగా లేని ఒక నెమ్మది ఒంట్లో కుదురుకొన్నట్టు అనిపించింది. పెట్టె అడుగు నుంచి పొడుగుచేతుల చొక్కా వెతికి తొడుక్కొని, తాను కూడా క్రమశిక్షణలో చేరాడు.

*

మరునాడు ఉదయం కాపలాదళం నాయకుడు బున్‌ఖోంగ్ నిచ్చెనమెట్లు ఎక్కి, గుమ్మంలో చెప్పులు విడిచాడు. తూకం వేయించడానికి మణీవన్ పాపను వైద్యశాలకు తీసుకుపోయినప్పుడు, జనమంతా చూస్తుండగా పాప దారం చెయ్యి బయటపెట్టి తక్కెడ పళ్లెం పట్టుకుందట.

"నేను చూడకుండా ఉందామనుకున్నా చిన్నాన్నా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "కానీ కామ్రేడ్ వీలై నా పక్కనే ఉన్నాడు. ఆయన చూశాడు. ఆయన చూశాక నేను చూడక తప్పలేదు."

"ఆ వీలై ఎవరు?"

"రాష్ట్రం నుంచి వచ్చాడు. ఖాంసింగ్ ఇంట్లో దిగాడు. వచ్చిన రోజు జ్వరంతో పడుకుని, నిన్ననే లేచి తిరుగుతున్నాడు."

"చొక్కా చేతులు పైకి మడుచుకోవోయ్, ఉడికిపోతున్నావు."

"వద్దొద్దు! ఇలాగే హాయిగా ఉంది," అని బున్‌ఖోంగ్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకొని మెట్లు దిగిపోయాడు.

ఖాంసింగ్ కచేరీలో సంగతి తేటతెల్లమైంది. రాష్ట్రం వారికి ఒక ఉదాహరణ కావాలి. మణీవన్ మూడు నెలల పాటు కొండల్లో సెమినార్‌కు పోవాలి. సాయంత్రం సభలో నేరారోపణ చదవవలసినది, పదవి రీత్యా, నిర్మూలన సంఘం అధ్యక్షుడు.

సెమినార్ అంటే ఏమిటో థాపోంగ్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. కిందటేడు మూడు నెలలకని వెళ్లిన పోస్టుమాస్టరు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు.

"పాలు తాగే పిల్ల నాయనా అది. తల్లి పోతే..."

"నాకు తెలియదాండీ?" ఖాంసింగ్ కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "వీలై పక్క గదిలో ఉన్నాడు. మీరు వెనకాడితే మాత్రం నేనేమీ చేయలేను చాన్. సెమినార్‌లో రెండు ఖాళీలున్నాయట."

ఇన్‌పెంగ్ ఇంటికి వచ్చి ఒంటరిగా కూర్చున్నాడు. చొక్కా చెయ్యి ఎత్తి దారం చూశాడు. సభలో ఇది ఎవరి కంటనైనా పడితే? ఆరోపణ చదివేవాడి చేతికే దారం! వేళ్లతో విప్పబోయాడు. నేతముడి ఎంత లాగితే అంత బిగిసింది. అంతలో రేవు దగ్గర సభకు పిలుపుగా ఇనుపరేకు మోగింది. ఎదురుగా తాంబూలపు పెట్టెలో అడకత్తెర ఉంది.

ఇనుము తగలరాదు. ఎందుకు తగలరాదో, తగిలితే ఏ ఆత్మ ఏ దిక్కుకు పోతుందో, ఆ పద్యం ఆయనకు కంఠస్థం. మనసులో ఆ పద్యం మొదటి పాదం నడుస్తుండగానే అడకత్తెర నడిచింది. తొందరలో చర్మం కూడా గీసుకుపోయి ఎర్రని చార పడింది. దారం ముక్క వక్కపలుకుల మధ్య పడింది. ఇన్‌పెంగ్ పెట్టె మూసి, సభకు నడిచాడు.

*

మఠం విడిది మంటపమే సభాభవనం. బుద్ధవిగ్రహం ముందు ఎర్రగుడ్డ కట్టారు. దాని పై అంచు నుంచి భగవానుని కనుబొమలు మాత్రం కనబడుతున్నాయి. జనం చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. మగవారంతా కోఆపరేటివ్ కొట్టు చొక్కాల్లో ఉన్నారు. ఆ చొక్కాలు ఒకే కొలతతో వచ్చాయి, ఆ కొలత మనిషి జిల్లాలో లేడు. ముందు వరుసలో మణీవన్, ఒడిలో పాప. వెనుక దువాంగ్తా, ఆమెను ఆనుకొని ఖాంసింగ్ భార్య.

ఇన్‌పెంగ్ ఆరోపణ చదివాడు. ఏం చదివినా బాగా చదవడం ఆయన శాపం. 'చీకటి యుగాల బంధనం' అన్నచోట గొంతు తనంతట తాను మంద్రానికి దిగింది. 'నవోదయం' అన్నచోట పైకి లేచింది. చాప మీది ముసలివాళ్లు అలవాటు చొప్పున చేతులు జోడించి, గుర్తొచ్చి విప్పుకొన్నారు.

"దారం కట్టింది నిజమా?" అని అడిగాడు వీలై. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు.

"నిజమే," అంది మణీవన్. "కట్టాక పాప పాలు తాగింది, అదీ నిజమే. రెండోది ఎందుకు రాయలేదు మీరు?"

"ఎవరు కట్టారు?"

దువాంగ్తా లేవబోయింది. ఖాంసింగ్ భార్య ఆమె పావడా పట్టుకొని కిందికి లాగింది. "కూర్చో వదినా, నీకు దణ్ణం పెడతాను, కూర్చో!"

"నేనే కట్టాను," అంది మణీవన్.

"సరే. సెమినార్‌కు పంపడానికి అనుకూలమైనవారు చేతులెత్తండి. మొదట సంఘం అధ్యక్షుడు."

ఇన్‌పెంగ్ కూతురి వైపు చూడలేదు. ఎర్రగుడ్డ పైనుంచి చూస్తున్న కనుబొమల వైపు అసలే చూడలేదు. చేతిలో మాత్రం ఒక తేలిక ఉంది. ఏమీ దాచని చెయ్యి, అందరికీ చూపగలిగిన చెయ్యి! ఆ చెయ్యి లేచింది. లేవడమే కాదు, ఎంత పైకి లేవగలదో అంత పైకి, నిటారుగా లేచింది. చొక్కా చెయ్యి మోచేతి దాకా జారి, బోసి ముంజెయ్యి సభ అంతటికీ కనిపించింది.

మిగతావారు కూడా ఎత్తారు. కానీ అదేమి ఎత్తడం! కొందరు చెవి గోక్కుంటున్నట్టు ఎత్తారు. కొందరు మోచేయి పక్కకు ఆనించి రెండు వేళ్లు మాత్రం లేపారు. ఖాంసింగ్ ఒక చేత్తో ఇంకో చేతి చొక్కా అంచును పట్టుకొని ఎత్తాడు.

"ఏమిటిది?" వీలై గర్జించాడు. "శ్రామికవర్గం చెయ్యెత్తే తీరు ఇదేనా? ఈగలు తోలుతున్నారా? మీ అధ్యక్షుణ్ణి చూడండి! పైకి! ఇంకా పైకి! పట్టుకున్నవాళ్లు వదలండి! చేతులు పైకప్పును తాకాలి! ఇదిగో, ఇలా!"

అని ఆవేశంలో తన చెయ్యి కూడా ఎత్తాడు.

చేతులన్నీ లేచాయి. ఎవరి కొలతకూ కుట్టని చొక్కాలు ఒకేసారి మోచేతుల దాకా జారాయి. మంటపం నిండా, కొంగలగుంపు వాలినట్టు, తెల్లదారాలు! బున్‌ఖోంగ్ చేతికి ఒకటి. కొట్టు మేనేజరు చేతికి రెండు. ఖాంసింగ్ చేతికి ఎన్నున్నాయో లెక్కపెట్టడం మర్యాద కాదు. వీలై ముంజేతికి ఒక్కటే, సరికొత్తది, జ్వరం తగ్గినవాడికి కట్టేది. అందరి ముడులకూ ఎలుక చెవులు!

ఎవరూ చెయ్యి దించలేదు. దించితే ఒప్పుకొన్నట్టు, ఉంచితే చూపినట్టు. ఆ నిశ్శబ్దంలో పాప నిద్రలో ఒళ్లు విరుచుకొని, తన పిడికిలి కూడా పైకెత్తింది.

ఇన్‌పెంగ్ భార్య వైపు చూశాడు. ఆమె పైకప్పులో బల్లిని పరిశీలిస్తోంది. నేత క్లాసులు, ఉడికిన గుడ్లు, ఏప్రిల్‌లో పొడుగుచేతులు, ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆయన బుద్ధిలో ఆసీనమయ్యాయి. ముప్పై ఏళ్ల పాండిత్యం ఉండీ, జిల్లాలో చిట్టచివర తెలుసుకొన్నవాడు తానే!

రాష్ట్రం నుంచి ఊరికే పంపరు మనుషులను. వీలై కళ్లు మూసి, తెరిచి, చెయ్యి దించకుండానే అందుకొన్నాడు. "కామ్రేడ్స్! ఏం చూస్తున్నాం మనం? ఐకమత్యం! మన సహకార పత్తి! మన స్త్రీల నేత! ప్రజలు ప్రజల చేతులకు కట్టిన జాతీయ సంస్కృతి! దీన్ని నేరమని రాసిందెవరు?"

"చదివింది కామ్రేడ్ ఇన్‌పెంగ్," అన్నాడు ఖాంసింగ్ వెంటనే.

అందరి చూపులూ బోసి చేతి మీద పడ్డాయి.

"ఆయనకి దారం లేదు!" అని కనిపెట్టాడు బున్‌ఖోంగ్. "అయ్యయ్యో, ఎర్రగా గీత! ఇనుముతో కోసుకున్నాడు!"

సభ అంతా 'హా' అంది. ఆ 'హా'లో రాజకీయం లేదు. ముసలివాళ్లు నిజంగా జడుసుకొన్నారు.

"నేను శాసనాన్ని పాటించాను," అన్నాడు ఇన్‌పెంగ్ నీరసంగా.

"అదే మీ తప్పు!" అన్నాడు వీలై. "అందరితో కలిసి పాటిస్తే అది క్రమశిక్షణ. ఒక్కడే పాటిస్తే వ్యక్తివాదం! మీరు ప్రజల నుంచి తెగిపోయారు కామ్రేడ్. మణీవన్‌ను ఇంటికి పోనివ్వండి. ఆత్మవిమర్శ చేసుకోవలసింది ఈయన!"

ఇన్‌పెంగ్ ఆత్మవిమర్శ చేసుకొన్నాడు. అది చక్కగా వచ్చింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేనందువల్ల ఎవరికీ అంతగా నచ్చలేదు. అయినా రెండు ఖాళీల ప్రస్తావన రాలేదు. శిక్ష తేలికగానే పడింది: తెగిపోయిన కామ్రేడ్‌ను ప్రజలతో తిరిగి కలపడానికి అక్కడే, అప్పుడే పూజ. జరిపించేది జిల్లా అధ్యక్షుడు. పద్యాలు శాస్త్రీయమైనవి.

పూలగోపురం ఖాంసింగ్ ఇంటి నుంచి వచ్చింది. తాజాగానే ఉంది. ఎందుకు తాజాగా ఉందని ఎవరూ అడగలేదు. ఇన్‌పెంగ్ చేతులు జోడించి కూర్చున్నాడు. ఖాంసింగ్ కాగితం తీసి గొంతు సవరించుకొన్నాడు.

"రవమ్మ ఉత్పత్తి ఉత్సహమ, రవమ్మ..."

దీర్ఘాలన్నీ చచ్చిపోయాయి. ఇన్‌పెంగ్ కుడిచెయ్యి లేని బెత్తం కోసం తడుముకొంది. తాను రాసిన ప్రతి పాదమూ తన నెత్తి మీద పడుతుంటే, ప్రాస మాత్రం నిజంగానే కుదిరిందని గమనించి, అలా గమనించినందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు. ఆ తరువాత జనం బారులు తీరి దారాలు కట్టారు. వీలై కట్టాడు. బున్‌ఖోంగ్ కట్టాడు. ముంజెయ్యి తెల్లగా నిండిపోయింది.

"ఏమైనా వచ్చాయా?" అని దువాంగ్తా చెవిలో అడిగింది.

"ఉత్పత్తి ఉత్సాహం గుమ్మం దాకా వచ్చినట్టుంది. మనిషిని చూసి వెనక్కి పోయింది."

*

ఇంటికి వచ్చాక దువాంగ్తా చేపలు పట్టే చేతివల తీసుకొని నిచ్చెన దగ్గర నిలబడింది. దారి తప్పిన ఆత్మలను పట్టడానికి గాలిలో వల ఆడిస్తూ, కోళ్లను గూటికి పిలిచినట్టు పిలవసాగింది.

"రా, కంటి ఆత్మా, రా! అన్నం వేడిగా ఉంది. రా, మోకాలి ఆత్మా, మెట్లు చూసి ఎక్కు! ఆయన మీద అలిగి అడవిలో కూర్చుంటే నష్టం మనకే, రా!"

పాళీ లేదు. క్రమం లేదు. గుండె కంటే ముందు కడుపును పిలిచింది. కాలివేళ్లను రెండుసార్లు పిలిచింది. ఇన్‌పెంగ్ సరిదిద్దబోయి నోరు తెరిచాడు. అంతలో, చాలాకాలంగా అలవాటైన ఒక వెచ్చదనం ఏదో అరికాళ్ల నుంచి ఎక్కి వస్తున్నట్టు తోచి, నోరు మూసుకొన్నాడు.

"రా, కుడిచేతి ఆత్మా..." అని దువాంగ్తా ఆగింది. వల దించింది. ఇంకొకసారి పిలిచింది.

లోపల పాపకు పాలిస్తున్న మణీవన్ అప్పటిదాకా తండ్రితో ఒక్క మాటా అనలేదు. "అందరికన్నా ముందు లేచింది నాన్నా, నీ చెయ్యి," అంది మెల్లగా.

"అవునమ్మా," అన్నాడు ఇన్‌పెంగ్. "మఠంలో కూడా మొదటివాణ్ణి నేనే."

ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా ఈసారి నవ్వుకోలేకపోయాడు.

అప్పుడు కరెంటు వచ్చి, రేవు దగ్గర లౌడ్‌స్పీకరు మేల్కొంది. "ఈ సాయంత్రం నుండి థాపోంగ్ జిల్లాలో ప్రతి పౌరునికీ ముప్పైరెండు ఆత్మలు కలవు! ఇది జాతీయ సంస్కృతి! ఎవరికైనా అంతకు తక్కువ ఉన్నట్లయితే వెంటనే కచేరీలో తెలియజేయవలెను!"

మరునాటి నుండి జిల్లా అంతా చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకొని, దారాలు చూపుకొంటూ హాయిగా తిరిగింది. ఎండ మండిపోతూ ఉన్నా, కుడిచేతి బొత్తం పెట్టుకొని తిరిగినవాడు ఇన్‌పెంగ్ ఒక్కడే. కచేరీకి మాత్రం వెళ్లలేదు.